రెడీ-టు-రన్ మోడల్ అడగడం ఎలా: కంపెనీ పక్కన పెట్టలేని కోరిక రాయడానికి

మోడల్ రైల్వే ఇష్టపడే నలుగురు కలిస్తే మాట ఎప్పుడూ ఒకచోటికే వస్తుంది: "ఫలానా ఇంజన్ ఎవరైనా చేస్తే బాగుండు." చేయమనేది రెడీ-టు-రన్ మోడల్‌ను, అంటే డబ్బా తెరిచి నేరుగా పట్టాల మీద నడుపుకునే చిన్న నమూనాను. బ్రిటన్‌లో ఈ మాటను ఓట్లు వేసి మరీ లెక్కపెట్టే సంప్రదాయం ఉంది. అక్కడ హార్న్‌బీ, బాక్‌మన్ లాంటి పాత కంపెనీలకు తోడు అక్యురాస్కేల్, రాపిడో లాంటి కొత్తవి వచ్చాయి. పెద్ద దుకాణాలూ, జాతీయ రైల్వే మ్యూజియం అమ్మకాల విభాగమైన లోకోమోషన్ మోడల్స్ కూడా సొంతంగా మోడళ్లు చేయించుకుంటాయి. మన రైళ్లకు అంత హడావిడి లేదు. అందుకే మనం అడిగే పద్ధతి ఇంకా పక్కాగా ఉండాలి. "ప్లీజ్, వందే భారత్ చేయండి" అన్న ఒక్క వాక్యానికి ఏ కంపెనీ దగ్గరా జవాబు ఉండదు. అచ్చులు (ప్లాస్టిక్ భాగాలు పోసే మూసలు) ఎన్ని, వాటి నుంచి ఎన్ని రకాలు వస్తాయి, ఎవరు ఎన్ని కొంటారు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉంటే మాత్రం కనీసం చదువుతారు.

ముందు ఒక మాట సర్దుకుందాం. మనవాళ్లు ప్రయాణికుల పెట్టెనే బోగీ అంటారు. కంపెనీకి రాసేటప్పుడు బోగీ అంటే పెట్టె కింద చక్రాలు, ఇరుసులు ఉండే ఫ్రేము మాత్రమే. "పది బోగీలు కావాలి" అని రాస్తే వాళ్లు చక్రాల ఫ్రేములు పదింటికి లెక్క వేస్తారు. ఇక్కడ కూడా పెట్టెను పెట్టె అనీ, చక్రాల ఫ్రేమును బోగీ అనీ రాస్తున్నాం.

ఒక అచ్చులో ఎన్ని రైళ్లున్నాయో చూడండి

రెడీ-టు-రన్ మోడల్ ధరలో పెద్ద భాగం ప్లాస్టిక్‌ది కాదు, మోటారుదీ కాదు. ఉక్కులో చెక్కే అచ్చులది. లెక్క అర్థం కావడానికి ఊహకు ఒక అంకె తీసుకుందాం. అచ్చులన్నిటికీ కలిపి 80 లక్షలు అయ్యాయనుకోండి. 500 మోడళ్లు అమ్మితే ఒక్కోదాని మీద 16,000 అచ్చు భారమే పడుతుంది. అవే అచ్చులతో 2,000 అమ్మితే అది 4,000కు దిగుతుంది. కాబట్టి మొదట వెతకాల్సింది అందమైన ఇంజన్ కాదు, అచ్చు మార్చకుండా ఎక్కువ రకాలుగా అమ్ముకోగల ఇంజన్.

ఈ లెక్కన మన దగ్గర మొదటి స్థానం ప్రయాణికుల రైళ్లను లాగే కరెంటు ఇంజన్ డబ్ల్యూఏపీ-7ది. ఇది సరుకు రవాణా ఇంజన్ డబ్ల్యూఏజీ-9 నుంచి పుట్టింది. రెండింటి బాడీ ఒకటే పోలిక, రెండింటికీ మూడు ఇరుసుల ఫ్లెక్సీకాయిల్ రకం బోగీలే. ప్రధాన తేడాలు గేర్ నిష్పత్తిలోనూ బరువులోనూ ఉంటాయి. అవి మోడల్‌లో కనిపించవు. అంటే ఒకే అచ్చుల కట్టతో తెల్ల రంగు, ఎర్ర పట్టీ ఉన్న ప్యాసింజర్ ఇంజనూ, ఆకుపచ్చ గూడ్స్ ఇంజనూ వస్తాయి. ఆపైన ఇంజన్లను ఉంచి మరమ్మతు చేసే షెడ్డుల పేర్లు, నంబర్లు. లాలాగూడ షెడ్డులో ఈ రెండు తరగతులూ ఉన్నాయి కాబట్టి తెలుగు రాష్ట్రాల కొనుగోలుదారుకు ఒకే షెడ్డు పేరుతో రెండు ఇంజన్లు అమ్మవచ్చు. క్యాబ్ పైన ఏసీ యూనిట్ ఉన్నవీ లేనివీ తిరుగుతున్నాయి. ఆ ఒక్క భాగాన్ని విడి ముక్కగా చేస్తే మరో రకం వచ్చినట్టే.

రెండో స్థానం అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్ల కుటుంబానిది. డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-2 కింద ఉండే ట్రైమౌంట్ బోగీలో మూడు ఇరుసుల మధ్య దూరాలు సమానంగా ఉండవు. అదే బోగీ డబ్ల్యూఏఎం-4, డబ్ల్యూఏజీ-5 కరెంటు ఇంజన్ల కింద కూడా ఉంది. బాడీలు, పొడవులు వేరైనా బోగీ, గేర్ల పెట్టె, ఇరుసుల అచ్చు ఒకటే. పైగా డీజిల్ షెడ్లు ఎవరికి నచ్చిన రంగు వాళ్లు వేసుకున్న రోజులు అవి. రంగు మార్చి మళ్లీ అమ్మడానికి అంతకు మించిన ఇంజన్ లేదు. ఒక్క జాగ్రత్త: ఇరుసుల దూరాలు సమానంగా ఉన్న వేరే ఇంజన్ బోగీ తెచ్చి కింద పెట్టేస్తే, ఎంత బాగా రంగు వేసినా పక్కనుంచి చూసిన మరుక్షణం దొరికిపోతుంది. ఈ సంగతి కోరికలోనే రాసి పెట్టండి.

ఇక వందే భారత్. అందరి నోటా ఇదే. సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ 2023 జనవరిలో మొదలయ్యాక తెలుగువాళ్లలో ఈ కోరిక ఇంకా పెరిగింది. కానీ అచ్చుల లెక్కలో ఇది ఖరీదైన సరుకు. ముక్కు ఉన్న డ్రైవింగ్ పెట్టె, పాంటోగ్రాఫ్ (పై తీగ నుంచి కరెంటు తీసుకునే చట్రం) ఉన్న పెట్టె, మామూలు పెట్టె, ఎగ్జిక్యూటివ్ పెట్టె అన్నీ వేరు. వాటిని ఇంకే రైలుకూ వాడుకోలేం. డబ్ల్యూఏపీ-7 కొన్నవాడు తన దగ్గరున్న ఏ పెట్టెలకైనా తగిలిస్తాడు. వందే భారత్ కొన్నవాడు మొత్తం సెట్టే కొనాలి. వద్దనడం కాదు, తొలి కోరిక అది కాకూడదు.

ఆవిరి ఇంజన్ల మీద మోజున్నవాళ్లకు కూడా చేదు మాటే. గుండ్రటి ముక్కు డబ్ల్యూపీకి అభిమానులు లేకపోలేదు. రేవాడి షెడ్డులో నడిచే స్థితిలో ఉంచిన ఇంజన్లూ ఉన్నాయి కాబట్టి కొలతలు దొరుకుతాయి. అయితే బయట కదిలే రాడ్లు, వాల్వ్ గేర్ చేతితో బిగించాల్సినవి. అక్కడే ధర పెరుగుతుంది.

ఇంజన్ కంటే ముందు పెట్టెలు

కోరికల జాబితాల్లో సాధారణంగా కనిపించే లోటు ఇదే: పదిమందీ ఇంజన్లు రాస్తారు, వెనకాల ఏం లాగాలో ఎవరూ రాయరు. ఒక ఇంజన్ కొన్నవాడు ఆరేడు పెట్టెలు కొంటాడు. కంపెనీకి నిలకడగా డబ్బు తెచ్చేది అవే.

చెన్నై ఐసీఎఫ్ ఫ్యాక్టరీ పాత తరం పెట్టె, బఫర్లతో (చివర్లలో తాకిడిని ఆపే దిమ్మెలతో) కలిపి 22,297 మి.మీ. 1:87 స్కేలులో, అంటే అసలుకు 87వ వంతుగా చేస్తే, అది 256 మి.మీ. అసలు రైలులాగా 24 పెట్టెలు పెడితే 6 మీటర్లు దాటుతుంది. ఇంట్లో ఎవరి వల్లా కాదు. ఏడు పెట్టెల రేక్ (పెట్టెల వరుస) 1.8 మీటర్లలో సరిపోతుంది. కాబట్టి అడగాల్సింది 24 పెట్టెలు కాదు, ఏడు పెట్టెలతో నమ్మదగినట్టు కనిపించే కూర్పు: ఒక బ్రేక్ వ్యాన్, ఒక జనరల్, మూడు స్లీపర్లు, రెండు ఏసీ. మూడు స్లీపర్లకూ మూడు వేర్వేరు నంబర్లు ముద్రించాలని ప్రత్యేకంగా రాయండి. ఒకే నంబరుతో వస్తే రెండోది కొనడానికి చేయి వెనకాడుతుంది. ఈ చిన్న విషయం మీద అమ్మకం సగానికి పడిపోయే ప్రమాదం ఉంది.

పెట్టెల్లో అచ్చులు పంచుకునే తీరు వేరు. అడుగు ఫ్రేము, బోగీ, చివరి గోడలు అన్ని రకాలకూ పనికొస్తాయి. కిటికీల వరుస మారిన ప్రతిసారీ పక్క గోడ అచ్చు మారుతుంది. ఏసీ పెట్టెకు పైకప్పు, కింద వేలాడే పరికరాలు కూడా మారతాయి. మీరు అడిగే రకాల ఫోటోలు పక్కపక్కన పెట్టి కిటికీలు, తలుపులు లెక్కపెట్టండి. ఏ రెండు రకాలకు గోడ ఒకటేనో గీత గీసి చూపండి. ఆ పని వాళ్ల డిజైనర్ చేయాల్సి వస్తే మీ కాగితం ఆ రోజు పక్కకు వెళ్తుంది.

కాలం కూడా నిర్ణయించుకోండి. మెరూన్ రోజులా, నీలం రోజులా, ఎర్ర ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్ కొత్త తరం పెట్టెలు) రోజులా? నీలం ఐసీఎఫ్ పెట్టెలతో నడిచిన నాటి గోదావరి ఎక్స్‌ప్రెస్ అని రాస్తే కాలం, ఇంజన్ తరగతి, రంగు అన్నీ ఒక్క వాక్యంలో తేలిపోతాయి. మూడు కాలాలు కలిపి అడిగితే మూడూ రావు.

గేజ్ గొడవ

ఇక్కడే చాలా కోరికలు మునుగుతాయి. మన బ్రాడ్‌గేజ్‌లో గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. మార్కెట్‌లో దొరికే హెచ్‌ఓ (1:87 స్కేలు) పట్టాలు 16.5 మి.మీ. ఇంగ్లండ్‌లోనూ ఇదే బాధ: ఓఓ మోడళ్లు 1:76 స్కేలులో ఉంటాయి, వాటికి నిజంగా 18.83 మి.మీ. కావాలి, అయినా దశాబ్దాలుగా 16.5 మీదే నడుస్తున్నాయి. కంటికి ఇరుకుగా కనిపించినా పట్టాలు, దారి మార్చే పాయింట్లు ఎక్కడైనా దొరకడమే అక్కడ గెలిచింది.

19.3 మి.మీ. పట్టాలు కావాలని పట్టుబడితే అది రెడీ-టు-రన్ కాదు. పాయింట్లు ఎవరికి వారు చేసుకోవాలి. 16.5 మి.మీ. గేజ్ సరిగ్గా కుదరాలంటే స్కేలు 1:102 దగ్గరకు పోవాలి, అప్పుడు బయట దొరికే మనుషుల బొమ్మలు, ఇళ్లు, రోడ్డు వాహనాలు ఏవీ కలవవు. కాబట్టి 1:87, 16.5 మి.మీ. అని రాసి, దాని కింద ఒక వాక్యం చేర్చండి: బోగీ పక్క ఫ్రేములు అసలు ఇంజన్ వెడల్పుకు తగ్గట్టు ఉండాలి, లోపల చక్రాలను బయటకు జరుపుకోవడానికి చోటు వదలాలి. పక్క ఫ్రేములను చక్రాలకు దగ్గరగా నొక్కేస్తే ఇంజన్ బాడీ కింద కాళ్లు ముడుచుకున్నట్టు కనిపిస్తుంది. తర్వాత ఎవరూ దాన్ని సరిచేయలేరు.

వంపుల లెక్క

పొడవైన పెట్టె ఇరుకు వంపులో ఎలా నడుస్తుందన్నది కంపెనీ తప్పక అడుగుతుంది. ఎల్‌హెచ్‌బీ పెట్టెలో రెండు బోగీల కేంద్రాల మధ్య 14,900 మి.మీ., అంటే మోడల్‌లో 171. బాడీ పొడవు 23,540 మి.మీ., అంటే 271. వెడల్పు 3,240, అంటే 37. బ్రిటిష్ సెట్‌ట్రాక్ (ముందే వంచి అమ్మే పట్టాలు) రెండో వంపు వ్యాసార్థం 438 మి.మీ. దాని మీద పెట్టె మధ్యభాగం లోపలి వైపుకు 8.4 మి.మీ. వాలుతుంది. సగం వెడల్పు కలిపితే పట్టాల మధ్యగీత నుంచి లోపలికి 27 మి.మీ. వస్తుంది. మూలలు బయటికి 30 మి.మీ. పోతాయి. లోపలి లైన్ 371 మి.మీ. వంపు అయితే అక్కడి పెట్టె మూల దాదాపు 32 మి.మీ. బయటికి వస్తుంది. 32, 27 కలిపితే 59. సెట్‌ట్రాక్‌లో రెండు లైన్ల మధ్య 67 మి.మీ. ఉంటుంది కాబట్టి 8 మి.మీ. సందుతో తప్పించుకుంటాయి. అదే వంపుల్లో లైన్లను 50 మి.మీ. దూరానికి దగ్గర చేసినవాడి ఇంట్లో రెండు రైళ్లూ ఢీకొంటాయి.

కోరికలో "కనీస వంపు 438 మి.మీ." అని రాయండి. అంతకంటే ఇరుకు అడిగితే బోగీ తిరగడానికి బాడీ కింద అంచులు కోసేస్తారు, మెట్లు, పైపులు తీసేస్తారు. 600 అడిగితే సగంమంది ఇళ్లలో నడవదు. పెట్టెలను కలిపే లింకులు కూడా ఇక్కడే తేల్చండి: నెమ్ 362 పాకెట్ (లింకు తగిలించే ప్రామాణిక గూడు), వంపులో దూరం పెరిగి నేరు దారిలో దగ్గరయ్యే క్లోజ్ కప్లింగ్ మెకానిజం. ఐసీఎఫ్ పెట్టెలకు బఫర్లుంటాయి, ఎల్‌హెచ్‌బీకి ఉండవు. బఫర్లున్న పెట్టెలు ఇరుకు వంపులో ఒకదానికొకటి తగులుకుని పట్టాలు తప్పడం పాత జబ్బు, దానికి మందు ఈ మెకానిజమే.

కొలతలు, ఫోటోలు

డబ్ల్యూఏపీ-7 పొడవు 20,562 మి.మీ., వెడల్పు 3,152, పాంటోగ్రాఫ్ దించినప్పుడు ఎత్తు 4,255. మోడల్‌లో ఇవి వరుసగా 236, 36.2, 48.9 మి.మీ. కొత్త చక్రం వ్యాసం 1,092, మోడల్‌లో 12.6. ఇలాంటి ప్రధాన కొలతలు దొరకడం కష్టం కాదు. కష్టం క్యాబ్ అద్దం వాలు, పైకప్పు వంపు, గ్రిల్స్ మధ్య దూరాలు. వాటికి ఫోటోలే దిక్కు.

పక్కనుంచి తీసే ఫోటోకు వీలైనంత దూరం జరగండి. ఫుల్-ఫ్రేమ్ కెమెరాలో 50 మి.మీ. లెన్స్‌తో ఇంజన్ మొత్తం, రెండువైపులా కొంచెం ఖాళీతో పట్టాలంటే దాదాపు 33 మీటర్ల దూరం కావాలి. పెద్ద స్టేషన్‌లో రెండు మూడు ప్లాట్‌ఫామ్‌లు అవతలి నుంచి తీస్తే సరిపోతుంది. ఫోన్‌తో దగ్గర నుంచి తీస్తే ఇంజన్ మధ్య ఉబ్బి, చివర్లు సన్నబడతాయి. అలాంటి ఫోటో మీద కొలతలు తీయడం వృథా. పైకప్పుకు ఫుట్ ఓవర్ బ్రిడ్జి మంచి చోటు. పైన 25,000 వోల్టుల తీగ ఉంటుంది. సెల్ఫీ స్టిక్, పొడవైన కర్ర, డ్రోన్ లాంటివేవీ దాని దరిదాపులకు తీసుకెళ్లకండి. పట్టాల మీదికి దిగడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. షెడ్డులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టవద్దు. నిజంగా కొలవాల్సి వస్తే కంపెనీయే రాతపూర్వకంగా అనుమతి అడుగుతుంది.

ఫోటో నుంచి కొలత తీయడం తేలిక. ఇంజన్ పొడవు ఫోటోలో 5,140 పిక్సెల్స్ ఉంటే ఒక్క పిక్సెల్ 4 మి.మీ. తలుపు 200 పిక్సెల్స్ ఉంటే 800 మి.మీ. కాని ఈ లెక్క తెలిసిన పొడవు ఉన్న తలంలోనే పనిచేస్తుంది. బాడీ పక్క గోడ కంటే వెనక్కి ఉన్న భాగాలు ఫోటోలో కాస్త చిన్నగా పడతాయి. ప్రతి ఫోటో పేరులో ఇంజన్ నంబరు, ఏ వైపు, ఏ తేదీ అన్నవి రాయండి. తేదీ లేని ఫోటో చూసి 2010 నాటి బాడీకి 2022 నాటి పరికరాలు తగిలించిన మోడల్ తయారవుతుంది. ఎవరినీ తిట్టుకుని లాభం ఉండదు.

కంపెనీకి పంపే కాగితం

ఒక పేజీ చాలు. అందులో ఉండాల్సినవి ఇలా:

ఏ మోడల్: డబ్ల్యూఏపీ-7, అదే అచ్చులతో డబ్ల్యూఏజీ-9.
స్కేలు, గేజ్: 1:87, 16.5 మి.మీ., చక్రాలను వెడల్పు చేసుకునే చోటు.
కనీస వంపు: 438 మి.మీ.
డ్రైవ్: మధ్యలో మోటారు, రెండు ఫ్లైవీల్స్, ఆరు ఇరుసులకూ శక్తి, లోహపు ఛాసిస్.
డీసీసీ (ఇంజన్‌ను డిజిటల్‌గా నడిపే పద్ధతి): 21 పిన్‌లు లేదా ప్లక్స్22 సాకెట్, స్పీకర్‌కు చోటు.
లైట్లు: రెండు క్యాబ్‌ల హెడ్‌లైట్లు, ఎర్ర టెయిల్ లైట్లు, క్యాబ్ లోపలి లైటు, పసుపు ఫ్లాషర్ లైటు విడి ఫంక్షన్‌గా.
పాంటోగ్రాఫ్: పైకి లేచి నిలబడేది, కరెంటు తీసుకోనవసరం లేదు.
తొలి విడత రంగులు: మూడు, ఒక్కోదానికి రెండు నంబర్లు.
అంచనా కొనుగోళ్లు: జత చేసిన పట్టిక.

ఫ్లాషర్ సంగతి మర్చిపోకండి. యూరప్ ఇంజన్లు చేసే ఫ్యాక్టరీ దాన్ని ఊహించదు. మామూలు వైర్‌కు కలిపేస్తే హెడ్‌లైట్ వేసినప్పుడల్లా మెరుస్తూ ఉంటుంది, రైలు ప్రమాదంలో ఉన్నట్టు.

రైల్వే చిహ్నం, పేరు ముద్రించడానికి అనుమతి ఎవరు తీసుకుంటారో కూడా కాగితంలో ప్రస్తావించండి. ఆ బాధ్యత కంపెనీదేనని తేలినా సరే, ముందే అడిగితే మీరు పని తెలిసినవారని వాళ్లకు అర్థమవుతుంది.

కొనేవాళ్లను లెక్కపెట్టడం

ధర చెప్పకుండా "ఎవరికి కావాలి?" అంటే అందరూ చేతులెత్తుతారు. ధర చెప్పి అడగండి: "డీసీసీ లేకుండా 20,000 లోపు అయితే ఎన్ని కొంటారు? 28,000 అయితే?" పక్కనే ఏ రంగు, ఏ స్కేలు, ఇంట్లో కనీస వంపు ఎంత అన్నవీ అడగండి. వచ్చిన సంఖ్యను పెంచి రాయవద్దు. పదిమందికి ఇద్దరు వెనక్కి తగ్గుతారన్న సంగతి అవతలివాళ్లకు మీకంటే బాగా తెలుసు. హైదరాబాద్, విశాఖ, బెంగళూరు, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఎవరెవరు ఎన్ని అన్నది ఊరి వారీగా ఇస్తే పంపిణీకి పనికొస్తుంది. కస్టమ్స్, జీఎస్టీ కలిపితే ధర ఎంత పెరుగుతుందో లెక్కవేసి ఆ ధరతోనే అడగండి.

అడ్వాన్సులు మీ ఖాతాలోకి తీసుకోకండి. కంపెనీగానీ, దుకాణంగానీ తీసుకోవాలి, తిరిగి ఇచ్చే షరతు రాసి ఉండాలి. బ్రిటన్‌లో ఎన్ గేజ్ (హెచ్‌ఓ కంటే చిన్నది) పెండొలినో రైలు మోడల్ ఇలా జనం ముందస్తు మాటతోనే తయారైంది, రివల్యూషన్ ట్రైన్స్ దాన్ని నడిపింది. రాపిడో చేసిన ఏపీటీ-ఈ అనే ప్రయోగాత్మక రైలు మోడల్ కూడా లోకోమోషన్ ముందుకొచ్చి చేయించినదే. ఈ దారి పనిచేస్తుంది, కానీ సహనం కావాలి. డిజైన్ మొదలయ్యాక డబ్బా చేతికి రావడానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి.

ఒకే మోడల్ కోరికను నాలుగు కంపెనీలకు ఒకేసారి పంపకండి. ఒకే మోడల్‌ను ఇద్దరు చేపడితే ఏమవుతుందో బ్రిటన్ ఆవిరి ఇంజన్ టెర్రియర్ చూపింది. హార్న్‌బీ ఒకవైపు, డాపోల్‌తో కలిసి రెయిల్స్ ఆఫ్ షెఫీల్డ్ ఇంకోవైపు అదే చిన్న ట్యాంక్ ఇంజన్‌ను ప్రకటించాయి. అంత పెద్ద మార్కెట్ కాబట్టి తట్టుకుంది. మన మార్కెట్‌లో అలా జరిగితే రెండూ ఆగిపోతాయి. ఒకరికి పంపండి, మూడు నెలలు చూడండి, ఆ తర్వాత ఇంకొకరికి. పంపడానికి మంచి కాలం నురెంబర్గ్ బొమ్మల ప్రదర్శన ముగిసిన తర్వాత. అది జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో జరుగుతుంది. దాని ముందు వారాల్లో ఎవరూ ఉత్తరం చదివే స్థితిలో ఉండరు.

నమూనా వచ్చినప్పుడు

కంపెనీ ఒప్పుకుంటే ముందు కంప్యూటర్ బొమ్మలు, తర్వాత రంగు లేని తొలి అచ్చు నమూనా, ఆపైన రంగు వేసిన నమూనా వస్తాయి. మార్పులు చెప్పాల్సింది మొదటి దశలోనే. ఉక్కు చెక్కాక లోహం తీయడం తేలిక, కలపడం కష్టం. అందుకే ప్లాస్టిక్ మీద ఒక రివెట్ చేర్చడం సులువు, పొరపాటున ఉన్న రివెట్ తీయడానికి అచ్చు పూడ్చి మళ్లీ చెక్కాలి.

కంప్యూటర్ బొమ్మలో మొదట చూడాల్సినవి ముందు అద్దం వాలు, పైకప్పు వంపు. కంటికి ఇంజన్ ముఖం పరిచయమయ్యేది ఈ రెంటితోనే. తర్వాత బఫర్ ఎత్తు. అది అర మి.మీ. తేడా వచ్చినా పెట్టెతో కలిపినప్పుడు మెట్టులా కనిపిస్తుంది. తొలి నమూనా చేతికొస్తే కాలిపర్‌తో చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి. హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. తక్కువైతే పాయింట్ల దగ్గర చక్రం చెక్ రెయిల్ (చక్రాన్ని దారిలో ఉంచే అదనపు పట్టా) ఎక్కి ఎగురుతుంది. రంగుల నమూనాను ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో, అసలు ఇంజన్ ఫోటో పక్కన పెట్టి చూడండి. డబ్ల్యూఏపీ-7 తెలుపు పాల తెలుపు కాదు, ఎండకూ దుమ్ముకూ కొంచెం మసకబారినది. కొత్త ఇంజన్ అడుగుతున్నారా, వాడిన ఇంజన్ అడుగుతున్నారా అన్నది ఈ దశకు ముందే తేల్చి రాసి ఉండాలి. నంబరు, షెడ్డు పేరు తెలుగులో ఉంటే అక్షరాలను మీరే దగ్గరుండి చూడండి. లిపి తెలియని చోట "లాలాగూడ"లో దీర్ఘాలు ఊడిపోయి అచ్చవడం పెద్ద వింతేమీ కాదు, ఇక ఆ డబ్బాలన్నీ అలాగే వస్తాయి.